బద్వేలాయన కొన్న షాఫ్టు

కర్నూల్లో మేముండే అపార్టుమెంటులో ఇద్దరు ముగ్గురు కుర్ర ఇంజినీర్లున్నారు. రిటైరైన మనిషి కనిపిస్తే ఏదో ఒకటి అడగాలి కదా అని అడుగుతుంటారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్సు చూసినవాణ్ణి. సున్నపురాయి కాల్చే కిల్న్ గురించి అడుగుతారేమోనని ఎప్పుడూ సిద్ధంగా ఉంటాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మొన్న ఒకబ్బాయి లిఫ్టు దగ్గర ఆపి, "అంకుల్, మీరు గోల్ఫ్ ఆడేవారంట కదా. డ్రైవరుకు ఖరీదైన షాఫ్టు వేయిస్తే నిజంగా తేడా ఉంటుందా?" అన్నాడు. పండగకు ఇంటికొచ్చాడు. బెంగళూరులో ఉద్యోగమట, అక్కడ సెలవు రోజుల్లో ఆడుతున్నాడట. షాఫ్టు ఒక్కదానికే కొత్త డ్రైవరంత ధర చెప్పారట.

అంతలో లిఫ్టు వచ్చింది. మూడో అంతస్తు చేరేలోపు చెప్పగలిగే సంగతి కాదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఆట తెలియనివాళ్ళకు ఒక్క మాట. డ్రైవరంటే బంతిని అన్నిటికంటే దూరం పంపే పొడవాటి కర్ర. కింద గుండ్రటి బోలు తల, పైన చేతిపిడి, మధ్యలో సన్నటి గొట్టం. ఆ గొట్టమే షాఫ్టు. కార్బన్ దారాలను పొరలు పొరలుగా చుట్టి చేస్తారు. కర్ర కొంటే దాంతోపాటే ఒక షాఫ్టు వస్తుంది. అది తమ స్థాయికి తగదనుకున్నవాళ్ళు విడిగా ఇంకొకటి కొంటారు. నేను జీతం తీసుకున్నదే షాఫ్టులను చూసుకున్నందుకు. ఫ్యానుకొకటి, గేర్‌బాక్సుకొకటి, ఒక్కోటి మనిషి నడుమంత లావు. అవి ఎందుకు వంగుతాయో, ఎందుకు మెలిపడతాయో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి.

మా ఫ్యాక్టరీ కడప జిల్లాలో, జమ్మలమడుగు వైపు. చుట్టూ సున్నపురాయి, నాపరాయి, కంపచెట్లు. అక్కడ గోల్ఫ్ ఏమిటని మీకు అనిపిస్తే తప్పు లేదు, మాకూ అనిపించింది. ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన యూనిట్ హెడ్‌కు, మేం పెద్దాయన అనుకునేవాళ్ళం, ఆ ఆటంటే ప్రాణం. రాయి తీసేసిన క్వారీ నేలను చదును చేయించి తొమ్మిది గుంతలు తవ్వించారు. గడ్డి పెంచడానికి నీళ్ళు లేవు. గుంతల చుట్టూ ఇసుక పోసి, ఎగిరిపోకుండా దానిమీద గేర్‌బాక్సుల పాత ఆయిలు చల్లి, రోలరు తోలించారు. మిగతాదంతా ఎర్రమట్టి, గులకరాళ్ళు. ప్రతి ఆటగాడి జేబులో అరచేయంత పచ్చ చాపముక్క ఒకటి ఉండేది. బంతి ఎక్కడ ఆగితే అక్కడ ఆ ముక్క పరిచి, దానిమీద బంతి పెట్టి కొట్టాలి. లేకపోతే కర్ర రాయికి తగులుతుంది. అందరూ గడ్డి మీద ఆడతారు, మేం గడ్డిని జేబులో వేసుకుని ఆడేవాళ్ళం.

ఆడటం తప్పనిసరి కాదు. ఆడనివాళ్ళ పేర్లు మాత్రం పెద్దాయనకు గుర్తుండేవి కావు.

నాతోపాటు ఒకే వారంలో చేరిన ఎలక్ట్రికల్ ఇంజినీరు ఒకాయన ఉండేవాడు. ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం కాబట్టి ఇక్కడా బద్వేలాయన అనే రాస్తాను. వాళ్ళది భూములున్న కుటుంబం. ఆలూరు దగ్గర మాకూ భూమి ఉండేది, వాన ఉండేది కాదు. ఆయన నాకంటే ముందు కారు కొన్నాడు, పోనీలే అనుకున్నాను. నాకంటే ముందు ప్రమోషన్ వచ్చింది, అది డిపార్టుమెంటు అదృష్టం అనుకున్నాను. యాభై దాటినా జుట్టు నెరవలేదు, దాన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుండేది. హెడ్ ఆఫీసు నుంచి అతిథులొస్తే గండికోట చూపించే పని నాది, సాయంత్రం వాళ్ళతో గోల్ఫ్ ఆడే పని ఆయనది. ఆ కోట అంచున నిలబడి పెన్నా లోయ ఎంత లోతో చెప్పీ చెప్పీ నాకు గొంతు పోయేది. తిరిగొచ్చేసరికి ఆయన తెల్లచొక్కా వేసుకుని ఎదురొచ్చేవాడు.

ఆ రోజుల్లోనే రెండో లైను కడతారని తెలిసింది. అంటే ఇంకో కిల్న్, ఇంకో మిల్లు, దానికో ప్రాజెక్టు హెడ్. సర్వీసును బట్టి చూస్తే మిగిలింది ఇద్దరమే, ఆయనా నేనూ. రిటైరయ్యేలోపు నాకు రాగల పెద్ద కుర్చీ అదొక్కటే. దాంతోపాటు ఇంకో కబురూ వచ్చింది. మా గ్రూపు ఫ్యాక్టరీల మధ్య బెంగళూరులో గోల్ఫ్ పోటీ పెడుతున్నారు, ఒక్కో ఫ్యాక్టరీకి ఇద్దరు. ఒకరు పెద్దాయన. రెండోవాడెవడో ఆయనే తేల్చాలి. పోటీ సంగతి ఎవరికీ పట్టలేదు. బెంగళూరు దాకా పెద్దాయన పక్కన కారులో కూర్చునేవాడికి రెండో లైను దక్కినట్టేనని కాలనీ మొత్తం తీర్మానించేసింది. నేనూ ఆ కాలనీలోవాణ్ణే.

సరిగ్గా అప్పుడే బద్వేలాయన బెంగళూరుకు ట్రైనింగుకని పోయి ఖరీదైన షాఫ్టుతో తిరిగొచ్చాడు. నల్లటి గొట్టం, పిడి దగ్గర వెండి అక్షరాలు. ఆ కర్రతో కొడితే ఒక మెత్తటి శబ్దం వచ్చేది, చక్కటి తలుపు మూసుకున్నట్టు. నా కర్ర శబ్దం రేకుల షెడ్డు మీద కాయ పడ్డట్టుండేది. పెద్దాయన ప్రతి ఆదివారం ఆ శబ్దాన్ని మెచ్చుకునేవారు. బంతి ఎక్కడ పడిందో చూడకుండానే.

నేను ఊరుకోలేదు. టీ దగ్గర, క్యాంటీన్లో, చివరికి బేరింగుల మీటింగులో కూడా, ఖరీదైన షాఫ్టు వల్ల లాభమేమీ లేదని శాస్త్రీయంగా వివరించడం మొదలుపెట్టాను. బంతికి దెబ్బ తగిలేది రెప్పపాటు కంటే తక్కువ కాలం, ఆ కాస్తలో బంతికి తెలిసేది తల వేగమే గాని గొట్టం ధర కాదని నా వాదం. ఇంట్లో కూడా వివరించాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విని, "మీకూ ఆ కర్ర కావాలంటే కొనుక్కోండి. దానికింత లెక్చరెందుకు?" అంది. సైన్సు చదవనివాళ్ళతో ఇదే ఇబ్బంది.

ఒక సాయంత్రం ఆట అయ్యాక రేకుల షెడ్డులో బద్వేలాయన ఆ కర్రను తుడుచుకుంటున్నాడు. పెద్దాయన కూడా పక్కనే ఉన్నారు. ఇదే సమయమని అడిగాను.

"ఏమప్పా, అన్ని దుడ్లు పెట్టినావే, అది లేకుంటే బంతి పోదా?"

"పోతాది. ఇది ఉంటే కొట్టేటప్పుడు శానా బాగుంటాది."

"బాగుండేది బంతికా, నీకా?"

"నాకేనప్పా. బంతిని యాడ అడిగేది?"

పెద్దాయన తర్జుమా చెప్పించుకుని మరీ నవ్వారు. నేను పరీక్ష పెడదామన్నాను. ఆ డ్రైవరు తలను చిన్న పానాతో విప్పి ఏ షాఫ్టుకైనా బిగించవచ్చు. కొత్తదానికీ, కర్రతోపాటు వచ్చినదానికీ పైనుంచి కిందిదాకా టేపు చుట్టేద్దాం, ఒకదానికి ఎర్రది, ఇంకోదానికి నీలం. ఏది ఏదో కొట్టేవాడికి తెలియకూడదు. తేడా ఉందో లేదో నేలే చెబుతుంది. ఆయన తటపటాయిస్తాడని, పెద్దాయన ముందు ఆ తటపటాయింపు కనబడుతుందని నా ఆశ.

"పెట్టు మల్ల. నాకు గూడా తెలుసుకోవాలని ఉండాది" అన్నాడు. ఆ మాట మీద వారం రోజులు నాకు సరిగా అన్నం సహించలేదు.

టేపు చుట్టే పని మా స్టోర్సు ఆఫీసరుకు ఇచ్చాం. కర్నూలు పాతబస్తీ మనిషి. గేట్ పాస్ లేకుండా సొంత గొడుగును కూడా బయటికి పోనివ్వడని పేరు. రెండింటికీ చుట్టిన టేపు బరువు సమానంగా ఉండాలని నేనే పట్టుబట్టి ల్యాబులో తూకం వేయించాను. గది తలుపు మూసుకుని ఆయనొక్కడే చుట్టాడు. బయటికొచ్చి, "విప్పేదాకా నన్నేం అడగొద్దు సాబ్. మొహం చూసి కనిపెడతారేమో, రేపు నల్లద్దాలు పెట్టుకుని వస్తా" అన్నాడు. అన్నట్టే వచ్చాడు.

ఆదివారం పొద్దున. ఎండ ముదరకముందే కాలనీ సగం దిగింది. వినాయక చవితికి వేసే షామియానా వేశారు, మజ్జిగ పెట్టారు. బంతులు ఆగినచోట సున్నంతో గుర్తులు పెట్టడానికి సివిల్ డిపార్టుమెంటు మనుషులను పెట్టుకున్నాం. ఒక్కొక్కరం రెండు షాఫ్టులతోనూ కొన్ని బంతులు కొట్టాలి.

పెద్దాయన ముందు కొట్టారు. ఎర్రదైనా నీలమైనా ఆయన బంతులు ఒకే తుమ్మకంపలోకి పోయాయి. తేడా లేదని మేమంతా అనుకున్నాం, మర్యాదకు పైకి అనలేదు. తరువాత బద్వేలాయన. ఆయనది నిదానమైన చేయి, ఎవరికో వడ్డిస్తున్నట్టు తిప్పుతాడు. ఎర్రదానితో బాగానే పోయాయి. నీలందానితో కూడా పోయాయి, కాస్త తక్కువగా. "నాకేం తెలియలేదప్పా" అని కర్ర నా చేతికిచ్చి పోయి మజ్జిగ తాగాడు.

నేను ఎర్రదానితో మొదలుపెట్టాను. నా బంతులు ఎప్పటిలాగే పోయాయి, అంటే ఒకటి క్వారీకి, ఒకటి కాలనీకి. నీలంది తీసుకున్నాను. మొదటి బంతికే చేతుల్లోకి ఏదో వచ్చింది. గేర్లు సరిగ్గా కూర్చున్నప్పుడు మెషీను నుంచి ఒక నిమ్మళం వస్తుంది, అట్లాంటిది. బంతి తాడు కట్టి లాగినట్టు పోయింది. గట్టి నేల మీద పడి, దుమ్ము లేపుతూ దొర్లి దొర్లి, సున్నం పట్టుకున్న మనిషిని దాటిపోయింది. రెండోదీ అంతే. మూడోది కొట్టాక షామియానా కిందివాళ్ళు మజ్జిగ గ్లాసులు పక్కన పెట్టారు. చివరిదానికి ఆడవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నా జీవితంలో నా బంతులన్నీ ఒకే దిక్కుకు పోవడం అదే మొదలు.

అక్కడితో ఊరుకుని టేపు విప్పించి ఉంటే సరిపోయేది. కానీ ఇంతమంది మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు? కర్ర పైకెత్తి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఖరీదు వేరు, గుణం వేరు అన్నాను. ఈ నీలం టేపుదే కర్రతోపాటు ఊరికే వచ్చిన మామూలు షాఫ్టని, నా చేతులే అందుకు సాక్ష్యమని చెప్పాను. షోకుకు పెట్టే డబ్బు, పనికి పెట్టే డబ్బు అని విడదీసి, ఫ్యాక్టరీలకూ ఇది వర్తిస్తుందన్నాను. రెండో లైను పేరెత్తలేదు, ఎత్తినంత పనిచేశాను. పెద్దాయన తల ఊపుతూ విన్నారు.

స్టోర్సు ఆఫీసరు బ్లేడు తీసుకుని పిడి దగ్గర నుంచి విప్పడం మొదలుపెట్టాడు. వెండి అక్షరాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆయన నల్లద్దాలు తీసి నా వైపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అంతమందిలో ముందుగా మాట్లాడింది బద్వేలాయన.

"నాకు గాదప్పా ఇది చేసింది, నీకు" అన్నాడు. "గట్టిగా, బిర్రుగా కొట్టేవాళ్ళకు కుదురుతాదని అంగట్లో పిల్లోడు చెప్తానే ఉన్న్యాడు. నేను ఇనలే."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. చేయడం లేదు. ఎగతాళి చేసినా బాగుండేది.

ఆయన చెప్పింది నిజమే, తరువాత తెలుసుకున్నాను. గట్టి షాఫ్టు వేగంగా, కసిగా కొట్టేవాడి చేతిలో మెలిపడదు, తల తిన్నగా వచ్చి తగులుతుంది. నిదానంగా కొట్టేవాడికి అది ఇనుపకడ్డీ. నేనెందుకు అంత కసిగా కొట్టేవాణ్ణో కాలనీలో చాలామందికి తెలుసు.

పెద్దాయన అక్కడే చెప్పేశారు, ఈ షాఫ్టుతో బెంగళూరుకు నేను రావాలని. బద్వేలాయన కర్రను సంచీలో పెట్టి, సంచీ నోరు బిగించి, నా భుజానికి తగిలించాడు. కుర్చీ కోసం కోరుకున్న కారు సీటు నాకు దక్కింది, ఆయన కర్ర పుణ్యాన.

తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాతో బయలుదేరాను. రెండో లైను గురించి పెద్దాయన ఏమడిగినా చెప్పడానికి సిద్ధమయ్యాను. ఫౌండేషన్లు, ఫ్యాన్లు, ఏ పని ముందు, ఏది వెనక. రాయచోటి దాటేదాకా ఆయన నిద్రపోయారు. మదనపల్లె ముందు టీ కోసం ఆగాం. గ్లాసు చేత్తో పట్టుకుని, రెండో లైను సంగతి మాట్లాడాలి అన్నారు. నేను నిటారుగా నిలబడ్డాను. బద్వేలాయనకు ఇద్దామనుకుంటున్నానని, ఇన్నేళ్ళు కలిసి పనిచేశారు కాబట్టి మీ అభిప్రాయం కావాలని అడిగారు.

టీ బాగా వేడిగా ఉంది. ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాను.

చాలా మంచి మనిషి అన్నాను. పనిమంతుడు అన్నాను. ఒక్కటే చిన్న సంగతి, ధర చూడడు అన్నాను. తనకు కుదురుతుందో లేదో తెలుసుకోకుండానే అంత ఖరీదైన షాఫ్టు కొన్నాడు కదా, రెండో లైనులో అలాంటి కొనుగోళ్ళు వందలుంటాయి కదా, నాకు ఆ ఒక్కదాని మీదే దిగులు అన్నాను. దిగులుగానే అన్నాననుకుంటాను.

పెద్దాయన టీ పూర్తిచేశారు. ఆయన ఇంగ్లీషులో అన్నదాని సారం ఇది. కొన్న వస్తువు చెడ్డది కాదు, ఆ సంగతి మీరే అందరి ముందూ చూపించారు. తను పెట్టిన డబ్బు దండగని తేలినా తేలవచ్చని తెలిసి కూడా పరీక్షకు ఒప్పుకున్నాడు. తనకు కుదరదని తేలగానే కుదిరినవాడి చేతికిచ్చాడు. కోట్ల సామాను కొనే చోట అలాంటివాడే కావాలి. ఇంకా కాస్త అనుమానంగా ఉండింది, మీరు షాఫ్టు సంగతి గుర్తుచేశాక తీరిపోయింది. థాంక్స్.

మళ్ళీ కారెక్కాం. మిగతా దారంతా ఆయన కిటికీలోంచి చెట్లు చూపించి పేర్లడిగారు. చెప్పాను.

బెంగళూరులో నిజం గడ్డి మీద మొదటిసారి ఆడాను. జేబులో చాపముక్క తీయబోతే పక్కవాళ్ళు వింతగా చూశారు. అక్కడ బంతి పడ్డచోటే ఆగుతుంది, మా నేల మీదలాగా దొర్లి గౌరవం తేదు. పోటీలో మేం వెనకెక్కడో నిలిచాం. కాని అన్నిటికంటే తిన్నగా కొట్టిన డ్రైవుకు ఒక గాజు కప్పు పెట్టారు, అది నాకు వచ్చింది. ఫోటోలో కప్పు కంటే షాఫ్టు మీది అక్షరాలే బాగా పడ్డాయి.

ప్రాజెక్టు హెడ్ ఆర్డరు వచ్చిన రోజు సాయంత్రం బద్వేలాయన భార్యతో కలిసి మా క్వార్టరుకు వచ్చాడు. స్వీట్లు, పూలు. వాళ్ళావిడ లోపలికి పోయింది. నేను అభినందనలు చెప్పాను, బాగానే చెప్పాననుకుంటాను, ఉదయం నుంచి అనుకుంటున్నవే కదా. ఆయన కూర్చోలేదు.

"పెద్దాయన చెప్పినాడప్పా, దావలో నువ్వు చెప్పిన మాటతోనే ఖాయం చేసినా అని. ఆ కుర్చీ నీకు గూడా కావల్సిందే గదా. అయినా నా గురించి చెప్పినావు."

ఏమి చెప్పానో ఈయనతో ఇప్పుడు చెప్పాలా అని ఆలోచించాను. వంటింట్లోంచి ఆడవాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి.

"దాందేముందిలేప్పా" అన్నాను.

"ఆ కర్ర ఇంక నీ దగ్గిర్నే ఉండనీ. నాకింక ఆడేదానికి యాడ తీరతాది?"

వద్దన్నాను. గట్టిగా వద్దనలేదు.

రెండో లైను ఆయన కింద పనిచేశాను. కట్టడం బాగా జరిగింది, అనుకున్న దానికంటే ముందే పొగ వచ్చింది. నా మెకానికల్ పనిలో ఆయన ఏనాడూ వేలు పెట్టలేదు. నేను అడిగిన సామానుకు ధర ఎంతని ఒక్కసారీ ప్రశ్నించలేదు, "ఆయనకు తెలుసు" అని సంతకం చేసేవాడు. ఒకరి మీద ఓర్వలేనితనం పెట్టుకున్నప్పుడు అవతలివాడు ఇలా ప్రవర్తించకూడదు. ఎంత అసౌకర్యమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక లిఫ్టు దగ్గరి అబ్బాయికి జవాబు. బాబూ, తేడా ఉంటుంది. దూరం పెద్దగా పెరగదు, తిన్నగా పోవడం పెరుగుతుంది, అదీ నీ చేతికి కుదిరితేనే. ఎక్కువ ధర ఉన్నది నీకు కుదరకపోతే మామూలుదాని కంటే అన్యాయంగా ఉంటుంది. అందుకని అంగట్లోవాడు చెప్పే ధర వినకముందు రెండూ చేతపట్టి కొట్టి చూడు, అక్షరాల మీద టేపు చుట్టి. ఏది ఏదో తెలిసేదాకా నోరు మాత్రం తెరవకు. పెట్టిన డబ్బుకు తగినదేనా అంటావా, ఆ ముక్క నేను చెప్పలేను. నా షాఫ్టుకు డబ్బు పెట్టింది నేను కాదు.

రిటైరయ్యేదాకా సాయంత్రాలు ఆ ఎర్రనేల మీద ఒక్కణ్ణే ఆడేవాణ్ణి. చాపముక్క పరిచి, బంతి పెట్టి, బద్వేలాయన కర్ర ఎత్తేవాణ్ణి. ఈ ఒక్కసారి పక్కకు పోతే బాగుండునని, కనీసం ఒక్క బంతైనా ఆ తుమ్మకంపలో పడితే మనసు కుదుటపడుతుందని, కొట్టిన ప్రతిసారీ అనుకున్నాను. ఒక్కటీ పడలేదు.